ఆడిటర్ తప్పు చేస్తే విచారించేది ఎవరు? ఐసీఏఐ డిసిప్లినరీ కమిటీలో కుర్చీలు మారిన వైనం

ఐదుగురు కూర్చునే కమిటీలో ముగ్గురు ఎవరు, ఇద్దరు ఎవరు అన్నది వినడానికి చిన్న లెక్కే, కానీ చార్టర్డ్ అకౌంటెంట్ల మీద వచ్చే ఫిర్యాదుల విషయంలో పదిహేనేళ్ల గొడవంతా దాని చుట్టూనే తిరిగింది. చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా, అంటే ఐసీఏఐ, డిసిప్లినరీ కమిటీలో ఇన్‌స్టిట్యూట్ ప్రెసిడెంట్ గానీ వైస్ ప్రెసిడెంట్ గానీ అధ్యక్షుడిగా కూర్చుంటారు, కౌన్సిల్ తన సభ్యుల్లోంచి ఇద్దర్ని ఎన్నుకుని పంపుతుంది, ఇంకో ఇద్దర్ని కేంద్రం నామినేట్ చేస్తుంది. అంటే ముగ్గురు లోపలివాళ్లు, ఇద్దరు బయటివాళ్లు. 2022లో పార్లమెంటు ఈ లెక్కని తిరగేసింది, అధ్యక్షుడితో కలిపి ముగ్గురు సీఏలు కానివాళ్లు, ఇద్దరు మాత్రమే సీఏలు అని రాసింది. ఇన్‌స్టిట్యూట్ చరిత్రలో ఇంతకంటే పెద్ద మార్పు ఇంకోటి లేదనే చెప్పాలి, దీన్ని చాలామంది సీఏలు ఇప్పటికీ తమ మీద అపనమ్మకంగానే చూస్తున్నారు.

అసలు ఈ సంస్థ ఎలా నడుస్తుందో ముందు చూడాలి, లేకపోతే లెక్క అర్థం కాదు. 1949 చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టంతో ఐసీఏఐ పుట్టింది. పైన కౌన్సిల్ ఉంటుంది, అందులో సభ్యులు ఓటేసి ఎన్నుకునేవాళ్లు 32 మంది దాకా, కేంద్రం నామినేట్ చేసేవాళ్లు 8 మంది దాకా. కింద ఐదు రీజినల్ కౌన్సిళ్లు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సీఏలు చెన్నైలో ఉన్న సదరన్ రీజియన్ కిందకి వస్తారు. చట్టంలోనే రాసిన స్టాండింగ్ కమిటీలు మూడు: ఎగ్జిక్యూటివ్, ఫైనాన్స్, ఎగ్జామినేషన్. ఇవి కాకుండా కౌన్సిల్ తన అవసరాన్ని బట్టి వేసుకునే కమిటీలు బోలెడు. ప్రెసిడెంట్ పదవి ఒక్క ఏడాదే, ఫిబ్రవరి వస్తే కొత్త ప్రెసిడెంట్, కొత్త వైస్ ప్రెసిడెంట్, కమిటీల్లో కొత్త పేర్లు.

పరీక్ష పెట్టేదీ వాళ్లే, సర్టిఫికెట్ ఇచ్చేదీ వాళ్లే, అకౌంటింగ్ స్టాండర్డ్స్ తయారుచేసేదీ వాళ్లే, తప్పు చేస్తే పేరు రిజిస్టర్‌లోంచి కొట్టేసేదీ వాళ్లే. దేశంలో నాలుగు లక్షలకి పైగా ఉన్న సీఏలు ఓటేసి ఎన్నుకున్న మనిషే రేపు అదే ఓటర్లలో ఒకరి మీద విచారణకి కూర్చోవాలి. ఊళ్లో పొలం గట్టు తగాదాకి పంచాయితీ పెట్టి, పెద్దమనుషులంతా ఒకవైపు చుట్టాలే అయితే రెండో పక్షం వాడికి తీర్పు వినకముందే సగం నమ్మకం పోతుంది, ఆ పెద్దమనుషులు నిజంగా ధర్మంగానే చెప్పినా సరే. ఇక్కడ సమస్య కూడా అదే. కౌన్సిల్ సభ్యులు చెడ్డవాళ్లని ఎవరూ అనట్లేదు, తమకి ఓటేసేవాళ్ల మీద తీర్పు చెప్పే స్థానంలో వాళ్లని కూర్చోబెట్టడమే తప్పు.

2006కి ముందు పరిస్థితి ఇంకా మెలికగా ఉండేది. ఫిర్యాదు వస్తే ప్రాథమికంగా పస ఉందో లేదో కౌన్సిలే చూసేది, ఉందనుకుంటే డిసిప్లినరీ కమిటీకి పంపేది, కమిటీ విచారించి రిపోర్టు మళ్లీ కౌన్సిల్‌కే ఇచ్చేది, తప్పు పెద్దదైతే కౌన్సిల్ సిఫార్సుతో ఫైల్ హైకోర్టుకి వెళ్లేది, శిక్ష అక్కడ తేలేది. ఒకే ఫైల్ ఒకే గుమ్మం దగ్గరికి రెండుసార్లు రావడం, ఆపైన హైకోర్టు క్యూలో చేరడం, ఇలా ఏళ్లు గడిచిపోయేవి. 2006 సవరణ దీన్ని విడగొట్టింది, డైరెక్టర్ (డిసిప్లిన్) అని ఒక అధికారిని పెట్టి ఆయన కింద డిసిప్లినరీ డైరెక్టరేట్ ఏర్పాటు చేసింది, ఫస్ట్ షెడ్యూల్‌లో ఉన్న తప్పులకి ముగ్గురితో బోర్డ్ ఆఫ్ డిసిప్లిన్, సెకండ్ షెడ్యూల్‌లో ఉన్న తప్పులకి లేదా రెండూ కలిసిన కేసులకి ఐదుగురితో డిసిప్లినరీ కమిటీ పెట్టింది, వాటి మీద అప్పీలుకి హైకోర్టు జడ్జిగా ఉన్న లేదా చేసిన వ్యక్తి అధ్యక్షతన అప్పిలేట్ అథారిటీ పెట్టింది. ప్రకటనలిచ్చి క్లయింట్లని పట్టడం లాంటివి ఫస్ట్ షెడ్యూల్ కిందకి వస్తాయి, ఆడిట్‌లో తెలిసిన నిజాన్ని దాచడం, ఘోరమైన నిర్లక్ష్యం లాంటివి సెకండ్ షెడ్యూల్ కిందకి వస్తాయి. మంచి మార్పే, కాకపోతే ఆ ఐదు కుర్చీల్లో మూడు లోపలే ఉండిపోయాయి.

అలా ఉండగా 2009 జనవరి 7 వచ్చింది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం అంటే సత్యం అనుకునే రోజులవి. ఆ రోజు సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన లెటర్‌లో, బ్యాలెన్స్ షీట్‌లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఉంది. బ్యాంకులో డబ్బు ఉందా లేదా అన్నది ఆడిట్‌లో మొదట చూసే పని, బ్యాంకు నుంచి నేరుగా కన్ఫర్మేషన్ తెప్పించుకోవడం ఆర్టికల్‌షిప్‌లో, అంటే సీఏ ట్రైనింగ్‌లో, చేరిన కుర్రాళ్లకి కూడా మొదటి నెలల్లోనే నేర్పిస్తారు. ఏళ్ల తరబడి సంతకాలు పెట్టింది ప్రపంచంలో పేరున్న ఆడిట్ నెట్‌వర్క్‌కి చెందిన సంస్థ. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఆడిటర్లూ ఉన్నారు. రిటైర్మెంట్ డబ్బు షేర్లలో పెట్టిన తెలుగు కుటుంబాలు ఆ వారంలో ఎంత పోగొట్టుకున్నాయో గుర్తున్నవాళ్లకి ఈ కమిటీల గొడవ డ్రై సబ్జెక్టు కాదు.

సత్యం తర్వాత అందరూ అడిగిన ప్రశ్న, ఆడిటర్ల మీద బయటి నిఘా ఎందుకు లేదని. అమెరికాలో తప్పుడు లెక్కలు చూపించిన ఎన్రాన్ కంపెనీ కూలాక 2002లోనే సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం తెచ్చి, పబ్లిక్ కంపెనీల ఆడిటర్లని చూడ్డానికి వేరే బోర్డు పెట్టారు. మన దగ్గర 2013 కంపెనీల చట్టం 132వ సెక్షన్‌లో నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ, అంటే ఎన్‌ఎఫ్ఆర్ఏ, అని రాశారు కానీ ఐదేళ్లు అది కాగితం మీదే ఉండిపోయింది, ఇన్‌స్టిట్యూట్ గట్టిగానే వ్యతిరేకించింది. 2018 ఫిబ్రవరిలో రెండు విషయాలు కలిసొచ్చాయి, పంజాబ్ నేషనల్ బ్యాంకులో నీరవ్ మోదీ స్కాం బయటపడింది, అదే నెలలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఆడిటర్ల పర్యవేక్షణకి అమెరికా తరహా వ్యవస్థ గురించి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. ఆ ఏడాది అక్టోబర్ 1న ఎన్‌ఎఫ్ఆర్ఏ మొదలైంది. లిస్టెడ్ కంపెనీలు, లిస్ట్ కాకపోయినా 500 కోట్ల పెయిడప్ క్యాపిటల్ లేదా 1,000 కోట్ల టర్నోవర్ లేదా 500 కోట్ల అప్పులు దాటిన పెద్ద కంపెనీల ఆడిటర్లు దాని పరిధిలోకి వెళ్లిపోయారు.

మరి మిగతావాళ్లు? దేశంలో ఎక్కువ ఆడిట్లు చిన్న ప్రైవేట్ కంపెనీలవి, పార్ట్‌నర్‌షిప్‌లవి, సొసైటీలవి, ట్రస్టులవి. విజయవాడలో రైస్ మిల్లు, వరంగల్‌లో జిన్నింగ్ ఫ్యాక్టరీ, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్, వీటి బుక్స్ చూసే సీఏ మీద ఫిర్యాదు వస్తే అది ఈరోజుకీ ఐసీఏఐ డిసిప్లినరీ వ్యవస్థకే వెళ్తుంది. అందుకే పెద్దవాళ్లకి వేరే రెగ్యులేటర్ పెట్టాం కదా అని ఇన్‌స్టిట్యూట్ లోపలి కమిటీని వదిలేయడం కుదరదు. మీనాక్షి దత్తా ఘోష్ అధ్యక్షతన వేసిన హైలెవల్ కమిటీ సీఏ, కాస్ట్ అకౌంటెంట్, కంపెనీ సెక్రటరీ ఇన్‌స్టిట్యూట్లు మూడింట్లోనూ డిసిప్లినరీ పద్ధతులని పరిశీలించింది. ఆపైన 2021 డిసెంబర్‌లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, ఫైనాన్స్ స్టాండింగ్ కమిటీకి వెళ్లింది, 2022 మార్చి ఆఖర్లో లోక్‌సభలో, ఏప్రిల్ మొదట్లో రాజ్యసభలో పాసైంది. ఇన్‌స్టిట్యూట్ల స్వయంప్రతిపత్తికి దీనివల్ల భంగం లేదని నిర్మలా సీతారామన్ సభలో చెప్పారు. సెక్షన్లన్నీ ఒకే రోజున అమల్లోకి వచ్చేలా కాకుండా, విడతలుగా నోటిఫై చేసుకునే వెసులుబాటు చట్టంలోనే ఉంది.

ఈ చట్టంలో అందరూ పట్టించుకున్నది కుర్చీల లెక్కనే, కానీ దాంతోపాటు టైం లిమిట్లు వచ్చాయి, ఫిర్యాదు విచారించదగ్గదో కాదో డైరెక్టర్ 30 రోజుల్లో తేల్చాలి, బోర్డు ముందుకి వచ్చిన కేసు 90 రోజుల్లో, కమిటీ ముందుకి వచ్చింది 180 రోజుల్లో ముగించాలి. డైరెక్టర్‌కి తోడు కనీసం ఇద్దరు జాయింట్ డైరెక్టర్లు ఉండాలన్నారు. కమిటీ వేయగలిగే జరిమానా 5 లక్షల నుంచి 10 లక్షలకి పెరిగింది. అన్నిటికంటే ముఖ్యమైనది ఫర్మ్ మీద చర్య, అంతకుముందు శిక్ష వ్యక్తికే, సంతకం పెట్టిన పార్ట్‌నర్ పేరు రిజిస్టర్‌లోంచి పోయినా ఫర్మ్ బోర్డు అదే గోడ మీద అలాగే వేలాడేది, ఇంకో పార్ట్‌నర్ అదే క్లయింట్‌కి సంతకం పెట్టేవాడు. ఈ చట్టం ప్రకారం ఒక ఫర్మ్‌లో పార్ట్‌నర్లు పదేపదే దోషులుగా తేలితే ఆ ఫర్మ్‌ని రెండేళ్ల దాకా ప్రాక్టీస్ నుంచి ఆపొచ్చు, 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

కుర్చీల విషయంలో ఒక మెలిక ఉంది, దాని గురించి జనం పెద్దగా మాట్లాడట్లేదు. బయటివాళ్లని నామినేట్ చేసేది కేంద్రమే కానీ, ఏ పేర్లలోంచి అంటే కౌన్సిల్ తయారుచేసి పంపే ప్యానెల్‌లోంచి. అంటే మెజారిటీ బయటికి వెళ్లింది, కానీ ఆ బయటివాళ్ల లిస్టు రాసే పెన్ను ఇంకా లోపలే ఉంది. కొందరు ఇది లోపం అంటారు, ఇంకొందరు స్వయంప్రతిపత్తికి మిగిలిన చివరి ఆసరా అంటారు. రెండు వాదనల్లోనూ పస ఉంది. పూర్తిగా కేంద్రమే తనకి నచ్చినవాళ్లని పెడితే, పన్ను కేసుల్లో ప్రభుత్వానికి ఎదురు వాదించే వృత్తి మీద ప్రభుత్వం చేతిలో కొరడా పెట్టినట్టే అవుతుంది, అది నిజమైన భయమే, ఎవరూ కొట్టిపారేయకూడదు. పోనీ పూర్తిగా కౌన్సిల్‌కే వదిలేస్తే 2006 దగ్గరికే మళ్లీ వచ్చాం. ప్యానెల్ రాసేది ఒకరు, అందులోంచి ఎంచేది ఇంకొకరు అనే పద్ధతి ఈ రెండింటి మధ్యలో పనికొచ్చేదే, కాకపోతే ఆ ప్యానెల్‌లో రిటైరైన అధికారుల పేర్లే నిండిపోతే బయటివాళ్లు అన్న మాటకి అర్థం మారిపోతుంది. డిపాజిటర్ల తరఫున పోరాడినవాళ్లు, వినియోగదారుల కేసులు చూసినవాళ్లు, కంపెనీ లా చెప్పే టీచర్లు, ఇలాంటివాళ్లకి ఆ లిస్టులో చోటుండాలి.

ఏడాదికోసారి మారే ప్రెసిడెంట్ గురించి ఇందాక అనుకున్నాం, దాని ప్రభావం విచారణ మీద ఎలా పడుతుందో చూడండి. పాత పద్ధతిలో ప్రెసిడెంటో వైస్ ప్రెసిడెంటో కమిటీకి అధ్యక్షుడు. ఫిబ్రవరిలో మనిషి మారగానే సగం విన్న కేసులో కొత్త అధ్యక్షుడు మళ్లీ ఫైల్ మొదటినుంచి చదువుకోవాలి, కొన్ని కేసుల్లో సాక్ష్యం మళ్లీ వినాలని ఆ సీఏ లాయర్ అడుగుతాడు, అడగడం ఆయన హక్కు కూడా. పైగా ఆ ఏడాదంతా ప్రెసిడెంట్‌కి వంద పనులు, కాన్ఫరెన్సులు, విదేశీ సంస్థలతో ఒప్పందాలు, మినిస్ట్రీ మీటింగులు, పరీక్షలు. క్రమశిక్షణ విచారణ అనేది ఒకచోట కుదురుగా కూర్చుని వాయిదా వాయిదాకీ వినాల్సిన పని, దాన్ని సంస్థలో అందరికంటే బిజీగా ఉండే మనిషికి ఇవ్వడం మొదట్నుంచీ తప్పే. అధ్యక్ష పదవిని కౌన్సిల్ ఎన్నికల క్యాలెండర్ నుంచి విడదీయడమే 2022 మార్పులో అసలైన లాభం, లోపలా బయటా అన్న తేడా కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

ఇదే చట్టం పరిపాలనని కూడా కాస్త సర్దింది. అంతకుముందు ప్రెసిడెంటే కౌన్సిల్‌కి చీఫ్ ఎగ్జిక్యూటివ్ అథారిటీ, ఇప్పుడు ప్రెసిడెంట్ కౌన్సిల్‌కి అధిపతి, రోజువారీ బాధ్యత సెక్రటరీది. ఎన్నికైన సభ్యుల టర్మ్ మూడేళ్ల నుంచి నాలుగేళ్లయింది, వరసగా పోటీ చేయగలిగే టర్ములు మూడు నుంచి రెండుకి తగ్గాయి. మూడు ఇన్‌స్టిట్యూట్లకీ కలిపి కార్పొరేట్ వ్యవహారాల శాఖ కార్యదర్శి అధ్యక్షతన కోఆర్డినేషన్ కమిటీ పెట్టారు. ఈ చివరిది మాత్రం అంత అవసరం అనిపించదు, మూడు వృత్తుల మధ్య సమన్వయం కావాలంటే దానికి ప్రభుత్వ కార్యదర్శే పైన కూర్చోవాలా?

బయటివాళ్లని కూర్చోబెడితే అంతా సరిపోతుందా అంటే, సరిపోదు. ఎన్‌ఎఫ్ఆర్ఏనే తీసుకోండి, అందులో ఎన్నికల గొడవ లేదు, ఓటర్ల ఒత్తిడి లేదు. అయినా 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ముందు అది ఇబ్బంది పడింది. ఎన్‌ఎఫ్ఆర్ఏని పెట్టిన 132వ సెక్షన్ రాజ్యాంగబద్ధమే అని కోర్టు ఒప్పుకుంది, కానీ పెద్ద ఆడిట్ ఫర్ములకి పంపిన షోకాజ్ నోటీసుల్ని కొట్టేసింది. ఎందుకంటే ఆడిట్ క్వాలిటీ రివ్యూ చేసి ఇక్కడ తప్పు జరిగింది అని రిపోర్టు రాసినవాళ్లే, ఆ రిపోర్టు ఆధారంగా నోటీసిచ్చి తీర్పు చెప్పడానికి కూర్చుంటున్నారు. తప్పు పట్టిన మనసుతోనే తీర్పు చెప్తే అవతలివాడి మాట తెరిచిన చెవితో ఎవరు వింటారు? బయటి మెజారిటీ ఎంత ముఖ్యమో, దర్యాప్తు చేసేవాళ్లూ తీర్పు చెప్పేవాళ్లూ వేరుగా ఉండడం అంతే ముఖ్యం. బ్రిటన్‌లో డాక్టర్ల రెగ్యులేటర్ జనరల్ మెడికల్ కౌన్సిల్ ఈ రెండు మెట్లూ విడివిడిగా ఎక్కింది, ఒకప్పుడు 104 మంది ఉన్న కౌన్సిల్‌ని 2003లో 35కి దించారు, 2009లో ఎన్నికలే తీసేసి 24 మందిని నియమించారు, అందులో సగం మంది డాక్టర్లు కానివాళ్లు, 2013లో 12కి తగ్గించారు. తీర్పులు చెప్పడానికి 2012లో వేరే ట్రిబ్యునల్ సర్వీస్ పెట్టారు, డాక్టర్ మీద దర్యాప్తు చేసే ఆఫీసుకి అందులో పాత్ర ఉండదు.

ఐసీఏఐలో ఈ విభజన సగమే ఉంది. దర్యాప్తు డైరెక్టర్‌ది, తీర్పు బోర్డుదీ కమిటీదీ. కానీ 2006 ఏర్పాటులో బోర్డ్ ఆఫ్ డిసిప్లిన్‌కి సెక్రటరీ ఎవరంటే ఆ డైరెక్టరే. ఎజెండా తయారుచేయడం, ఫైళ్లు పెట్టడం, మినిట్స్ రాయడం సెక్రటరీ పనులని కమిటీల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు, ఏ కేసు ఎప్పుడు టేబుల్ మీదకి రావాలో తేలేది చాలావరకు అక్కడే. డైరెక్టర్ చెప్పిందే ఆఖరు మాట మాత్రం కాదు, ఆయన కేసులో పస లేదన్నా బోర్డు ఒప్పుకోకుండా కమిటీకి పంపించొచ్చు అనే రూల్‌ని 2024లో సుప్రీంకోర్టు సమర్థించింది, అది ఫిర్యాదుదారుకి మంచి రక్షణ.

డాక్టర్ల వైపు మన దేశంలో జరిగింది చూస్తే ఇంకో పాఠం కనిపిస్తుంది. మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రెసిడెంట్‌ని 2010లో సీబీఐ అరెస్ట్ చేశాక కౌన్సిల్‌నే రద్దు చేశారు, మళ్లీ వచ్చింది, మళ్లీ విమర్శలు, చివరికి 2019 చట్టంతో నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చి 2020 సెప్టెంబర్ 25 నుంచి పని మొదలుపెట్టింది. ఎన్నికైన కౌన్సిల్ పోయి 33 మంది సభ్యుల కమిషన్, కింద నాలుగు బోర్డులు వచ్చాయి. ఇంత పెద్ద మార్పు చేసీ, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నిర్ణయం మీద ఆ నాలుగింటిలో ఒకటైన ఎథిక్స్ బోర్డుకి అప్పీల్ చేసుకునే హక్కుని చట్టం డాక్టర్‌కే రాసింది, పేషెంట్‌కి రాయలేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం తెలంగాణ కౌన్సిల్‌కో ఏపీ కౌన్సిల్‌కో ఫిర్యాదు ఇచ్చి, అక్కడ డాక్టర్ తప్పేం లేదు అంటే, ఢిల్లీ బోర్డు తలుపు ఆ కుటుంబానికి చట్టం ప్రకారం తెరుచుకోదు.

సీఏల చట్టంలోనూ ఇదే కనిపిస్తుంది, ఇది చదివినప్పుడు బాధేస్తుంది. ఫారం 1 నింపి, ఫీజు కట్టి, బ్యాలెన్స్ షీట్ల కాపీలు జతచేసి ఫిర్యాదు ఇచ్చిన మనిషిని తీసుకోండి, పార్ట్‌నర్ చేతిలో మోసపోయిన చిన్న వ్యాపారి అనుకుందాం. 2022 మార్పుల ప్రకారం ఒకసారి ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కుదరదు, ఇది చాలా మంచి నియమం, ఎందుకంటే పాత పద్ధతిలో ఫిర్యాదు పెట్టి బేరం కుదిరాక వెనక్కి తీసుకునే దారి ఉండేది, అందులో ఆ తప్పుడు సర్టిఫికెట్ నమ్మి అప్పిచ్చిన బ్యాంకు గురించీ, జీతం ఆగిపోయిన పనివాళ్ల గురించీ ఎవరూ ఆలోచించేవాళ్లు కాదు. కాబట్టి ఫైల్ ఇక ఆ వ్యాపారిది కాదు, వ్యవస్థది. మరి కమిటీ ఆ సీఏ నిర్దోషి అంటే? 22జీ సెక్షన్ ప్రకారం అప్పిలేట్ అథారిటీకి వెళ్లేది శిక్ష పడిన సభ్యుడు, 90 రోజుల్లోపు. ఫిర్యాదుదారు వైపునుంచి వెళ్లగలిగేది డైరెక్టర్ ఒక్కరే, అదీ కౌన్సిల్ అనుమతిస్తేనే. కమిటీలో మూడు కుర్చీలు బయటికి ఇచ్చాక కూడా అప్పీల్ తలుపు తాళం సీఏలు ఓటేసి ఎన్నుకున్న కౌన్సిల్ జేబులోనే ఉంది.